బల్ల మీద పెట్టిన బూటు

మేనేజర్ మీదికి నేను బూటు విసిరానని శంషాబాద్‌లో సగం మంది చెప్పుకుంటారు. మిగతా సగం మంది బూటు కాదు, చెప్పు అంటారు. రెండూ అబద్ధమే. నేను దాన్ని బల్ల మీద పెట్టాను. విసిరితే ఎవరికో తగలాలి, లేదా గోడకైనా తగలాలి. పెట్టింది పెట్టినచోటే ఉంటుంది. డిగ్రీ చదివినదాన్ని, ఈ మాత్రం తేడా నాకు తెలుసు.

నా పాదాలు పెద్దవి. మగవాళ్ల సైజులో పది. మా నాయన పాదాలూ ఇంతే, ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నన్ను మాత్రం పెళ్లిచూపుల నాడే ఒక ముసలమ్మ, "పిల్ల మంచిగనే ఉన్నది గని, గా కాళ్లేంది బిడ్డా, చాటలున్నట్టున్నయి" అంది.

"మంచిదే గద అవ్వా, మీ ఇంట్ల బియ్యం చెరగనీకి పనికొస్తయి" అన్నాను.

ఆ సంబంధం పోయింది. ఇంకొకటి కుదిరింది. ఆయన నా కాళ్లను పట్టించుకోలేదు. ఆయన ఏదీ పట్టించుకోడని తర్వాత తెలిసింది.

ఇంట్లో ఉన్నంతకాలం మగవాళ్ల రబ్బరు చెప్పులతో గడిచిపోయింది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఎయిర్‌పోర్టులో ఒక కాంట్రాక్టర్ దగ్గర ఉద్యోగం దొరికింది. ప్రయాణికులు తిరిగే హాల్లో శుభ్రం చేసేవాళ్ల మీద సూపర్‌వైజర్ని. మొహం కనిపించే నేల, చల్లటి గాలి, చెప్పగానే పని చేసే మనుషులు. ఇంట్లో నా మాట వినే దిక్కు లేదు. అందుకే ఆ హాలంటే నాకు ప్రాణం.

ఆడవాళ్ల యూనిఫాంలో నల్ల బెల్లీస్, అదే ఎత్తు మడమ లేని జోళ్లు, ఇస్తారు. స్టోర్‌లో ఉన్నవాటిలో పెద్దది ఎనిమిది. మడమ సగం బయటే ఉండిపోయింది. స్టోర్ అతను లోపలికి వెళ్లి ఎనిమిదిలోనే ఇంకో జత తెచ్చాడు. "గీ జత జర లూజుంటది అక్కా, జూడు."

"మొగోళ్లయి పది ఇయ్యరాదు?"

"ఎట్లిస్త? నీ కార్డు మీద ఫిమేల్ అని ఉన్నది. కంప్యూటర్ తీస్కోదు."

"తొడుక్కునేది నేనా, కంప్యూటరా?"

బజారుకు పోతే అక్కడ ఇంకో భాగోతం. "అన్నకా? అన్ననే తోల్కరా అక్కా, కొలత జూస్త" అన్నాడు దుకాణాయన. నాకేనని చెబితే, లోపలున్న తమ్ముణ్ని కేకేసి పిలిచి నా కాలు చూపించాడు. "టికెట్ పెట్టుర్రి ఇగ, ఊరంత వస్తది జూడనీకి" అన్నాను, గిరాకీలందరికీ వినబడేలా. ఆ తర్వాత ఆ దుకాణంలోనే మగవాళ్ల బూట్లు కొన్నాను. వేరే దిక్కేది?

మర్నాడు డ్యూటీకి ముందు అందరినీ వరుసలో నిలబెట్టి జడ, గోళ్లు, బూట్లు చూసే మేనేజర్ నా దగ్గర ఆగాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదగానే ప్రాణం తీస్తాడు. "ఇవి జెంట్స్‌వి కదండీ. ప్యాసింజర్లు చూస్తే బాగోదు. శుక్రవారం లోపు మార్చకపోతే మిమ్మల్ని హాల్లో ఉంచలేనండీ."

కాటేదాన్‌లో బూట్లు కుట్టే చిన్న కార్ఖానా ఉందని, కార్ పార్కింగ్ చూసే తోటి సూపర్‌వైజర్ చెప్పింది. ఆమెది మా గల్లీయే. ఆ ఉద్యోగంలో ఆమెను పెట్టించింది నేనే. ఒకే ఆటోలో వెళ్లి వచ్చేవాళ్లం. ఆమె పాదాలు చిన్నవే, అయినా బెల్లీస్ కరిచి మడమలకు ఎప్పుడూ పట్టీలే. కార్ఖానాకు తనే తోడొచ్చింది.

"ఆడోళ్ల అచ్చు ఎనిమిది దాంకనే ఉన్నది ఆపా" అన్నాడు అక్కడి ఆయన. "మొగోళ్ల అచ్చు మీదనే కుడత గని, ఆడోళ్లదే అనిపిస్తది. ఫికర్ చెయ్యకు."

చేసిందల్లా ఏమిటంటే, అచ్చంగా మగవాళ్ల బూటే కుట్టి, ముందర నల్ల రిబ్బను పువ్వు అతికించాడు.

"దున్నపోతుకు జడగంటలు కట్టినట్టున్నది అక్కా" అని ఆమె ఆటోలో పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

శుక్రవారం మేనేజర్ వంగి చూసి, "ఇప్పుడు చక్కగా ఉన్నాయండీ" అన్నాడు. నిజంగానే అన్నాడు.

కొన్నాళ్లకు ట్రాలీ చక్రం కింద పడి కుడి కాలి పువ్వు ఊడిపోయింది. మర్నాడు వరుసలో, "మళ్లీ జెంట్స్‌వి వేసుకొచ్చారేంటండీ?" అన్నాడు.

"అవ్వే సార్."

"ఎడమది సరేనండీ. కుడిది మాత్రం..."

తన గదికి రమ్మన్నాడు. ఆ తోటి సూపర్‌వైజర్నీ పిలిచాడు. "ఈరోజు నుంచి మీరు కార్ పార్కింగ్ చూసుకోండి. హాలు ఈవిడ చూస్తారు."

అప్పుడే కుడి బూటు విప్పాను. బల్ల మీద, ఆయన ముందర పెట్టాను. "సార్, గిది ఆడదో మొగదో మీరే చేతిల వట్టుకొని చెప్పుర్రి."

ఆ బల్ల మీద ఒక లక్ష్మీదేవి పటం ఉంది. పూలు పెట్టి ఉన్నాయి. ఆ పటం సంగతి నాకు గుర్తు రాలేదు, కోపంలో ఉన్నాను. ఆయన నిప్పు తొక్కినట్టు లేచాడు. "అమ్మవారి ముందు చెప్పు పెడతారా!" అని అరిచాడే తప్ప, దాన్ని ముట్టుకుని తీయడానికి చెయ్యి రాలేదు. నేనూ తీయలేదు. ఆ తప్పు నాదే అనుకోండి. పటాన్ని అవమానించిందన్నా సరే, ఒప్పుకునేదాన్ని.

కానీ సాయంత్రానికి అది దాడి అయింది. మేనేజర్ మీదికి విసిరిందని రిపోర్టులో రాశారు. గదిలో ఇంకెవరున్నారని పైవాళ్లు అడిగితే ఆమెను పిలిపించారు. "విసిరింది సార్" అంది. నా ఉద్యోగం పోయింది.

తర్వాత కూరగాయల బండి దగ్గర ఎదురుపడితే నిలదీశాను.

"నీ చెయ్యి సంగతి నాకెరుక లేదా అక్కా?" అంది వంకాయలు ఏరుకుంటూ. "నువ్వు పెట్టినా విసిరినట్టే ఉంటది."

బండివాడు కూడా నవ్వాడు. నేను కూరలు కొనకుండానే వచ్చేశాను. ఇంటికి వచ్చాక ఆమెకు జవాబు దొరికింది, కానీ అది జవాబు కాదు, ప్రశ్న. ఆమె ఇప్పుడు నన్ను చూస్తే పక్క గల్లీలోంచి పోతుంది కాబట్టి అడిగే వీలు రాలేదు. హాలు నీకిస్తున్ననని ఆయన ముందుగాల చెప్పకపోయి ఉంటే, చెల్లే, ఆ పొద్దు నీ కండ్లకు ఏం గనపడేది?