పడవ పిల్లకు వేసిన సున్నా

తొమ్మిదో తరగతిలో నేనొకసారి నా స్నేహితురాలి పేజీకి సున్నా వేశాను. పదికి సున్నా. ఎర్ర పెన్నుతో, కాగితం వెనక్కి అచ్చు పడేంత ఒత్తి. ఆ పేజీలో ఆమె తన పెళ్ళి ఆపమని అడిగింది. నేనేమో అది పుస్తకం గురించి రాసిందనుకున్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి నన్ను మంచిదాన్ని అనుకుని చదవకండి.

మాది బత్తలపల్లె దగ్గర మెయిన్ రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు నడవాల్సిన ఊరు. హైస్కూల్లో సైన్సు గది మూల ఒక ఇనప బీరువా ఉండేది. మా వయసు పిల్లల కోసం రాసిన నవలలు అందులో యాభై అరవై ఉండేవి, ఎవరో దానం చేసినవి. తెలుగు మేడం ప్రతి శనివారం చివరి పీరియడులో ఆ బీరువా తెరిపించేది. ఒక నవల తీసుకుపోవాలి, పై శనివారానికి క్లాసంతటికీ కలిపి ఉన్న నోట్‌బుక్కులో దాని మీద ఒక పేజీ రాయాలి. పుస్తకం పూర్తి కాకపోతే చదివినంత వరకే రాసి, ఇంకో వారం ఉంచుకోవచ్చు. "కథ రాయొద్దండి, కథ నాకు తెలుసు. మీకేమనిపించిందో అది రాయండి," అనేది మేడం.

నాకేమనిపించిందో రాయమంటే నేను పుస్తకాలతో జగడం పెట్టుకునేదాన్ని. ఏ నవల చూసినా చివర్లో వాన పడుతుంది. పిల్ల తడుస్తుంది, తడిసి బతుకంటే ఏమిటో తెలుసుకుంటుంది. ఆ లెక్కన వానే పడని మా ఊళ్ళో ఒక్కరికీ బుద్ధి వచ్చే దారి లేదని రాశాను. మేడం పడీపడీ నవ్వి తొమ్మిది వేసింది. రాయడం అంత గట్టిగా రాసేదాన్నే గానీ, చదివేటప్పుడు మాత్రం ఏడ్చేదాన్ని. మధ్యాహ్నాలు విత్తనానికి వేరుశెనగ కాయలు ఒలుస్తూ, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని ముక్కు ఎగబీలుస్తుంటే మా అమ్మ "ఏమే, గోరు లేసిందా?" అని అడిగేది. ఔననేదాన్ని. పుస్తకంలో ఎవరో చచ్చిపోయారని చెబితే వీపు విమానం మోత మోగేది.

బీరువాలో పుస్తకాలన్నీ చదివేశానని మేడం నన్ను లైబ్రరీ లీడర్‌ను చేసింది. తాళం చెవి ఇచ్చింది, ఎర్ర పెన్ను ఇచ్చింది. తనకు పనున్న వారం మార్కులు నేనే వేసేదాన్ని. పిల్లలు చదవకుండా అట్ట వెనక ఉన్న నాలుగు ముక్కలు దించేసేవాళ్ళు, లేదంటే సొంతంగా ఏదో అల్లేవాళ్ళు. పుస్తకంలో లేని సంగతి రాస్తే చాలు, నేను గద్దలా పట్టేదాన్ని. సున్నా పడితే ఆ పుస్తకం బీరువాలోకి పోవాలి, పై వారం ఇంకోటి కూడా ఇవ్వకూడదు. ఈ రూలు మేడం పెట్టింది కాదు, నేనే పెట్టాను.

నేను సున్నా వేసిన స్నేహితురాలు నాకు ఒకటో తరగతి నుంచి బెంచీ జత. వాళ్ళ అమ్మా నాయనా కాయ పీకడం అయిపోగానే బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయేవాళ్ళు. ఆమె అవ్వ దగ్గర ఉండి చదువుకునేది. ఆ చలికాలంలో అవ్వ చనిపోయింది. దినాలకు నేనూ పోయి అన్నం తిన్నాను. తర్వాత ఆమెను చిన్నాయన ఇంట్లో పెట్టి పోయారు. చిన్నమ్మకు అది ఇష్టం లేదని ఊరంతా తెలుసు, నాకూ తెలుసు.

ఆమె చదవడం నిదానం. వాక్యం కింద వేలు పెట్టుకుని చదివేది. ఉగాది ముందర ఒక సముద్రం నవల తీసుకుంది. అందులో పదిహేనేళ్ళ పిల్ల ఒకతె నాయన పడవను తానే నడపాలనుకుంటుంది, ఇంట్లో ఒప్పుకోరు. దీపస్తంభం కాపలావాళ్ళ కూతురు దానికి స్నేహితురాలు. మొదటి వారం నా బెంచీ జత రాసింది నాలుగే వాక్యాలు. "ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఈ పిల్ల ఎందుకు ఏడుస్తాదో నాకు అర్థం కాలేదు. మా ఊరికి వస్తే ఏడుపు మానుతాది. ఏడ్చేకి కూడా నీళ్ళు కావల్ల కదా. సగమే చదివినాను."

మేడం ఆ పేజీని క్లాసులో పైకి చదివి పదికి పది వేసింది. "రాయడమంటే ఇదమ్మా," అంది. బీరువా మొత్తం చదివిన నాకు ఏ రోజూ తొమ్మిది దాటలేదు. వేలు పెట్టుకుని సగం పుస్తకం చదివినదానికి పది. ఆ వారమంతా ఆమెతో సరిగ్గా మాట్లాడలేదు. ఆమే రెండుసార్లు నా పక్కకు జరిగి కూర్చుంది, ఏదో చెప్పబోయినట్టు. నేను పుస్తకంలో తల పెట్టుకున్నాను.

ఆ శనివారం మేడం మండలంలో మీటింగుకు పోయింది. మార్కులు వెయ్యమని నాకు చెప్పి పోయింది. ఆమె పేజీ ఇట్లా ఉంది:

"పడవ పిల్ల వాళ్ళ అమ్మ నాయన దూరం పనికి పోతారు. వయసుకొచ్చిన పిల్లను ఒంటిగా యాడ పెట్టల్ల అని పెండ్లి కుదిర్చినారు. శుక్రవారం వచ్చి చూసిపోయినారు. పిల్లకు ఇష్టం లేదు. పదో తరగతి రాయల్లని ఉండాది. కానీ నోరు తెరిచి ఎవరికీ చెప్పకూడదు. దీపం మేడ మీద స్నేహితురాలు ఉండాది కదా, ఆమె శానా తెలివైంది. ఆమెకు అర్థమైతాది. ఆమె పోయి టీచరుకు చెప్తే ఆగిపోతాది అని నాకనిపించింది."

ఇప్పుడు చదువుతుంటే చిన్న పిల్లకైనా అర్థమవుతుంది. అప్పుడు నాకు అర్థమైంది ఒక్కటే, దొరికింది అని. ఆ నవలలో పెళ్ళి ఊసే లేదు. శుక్రవారం అసలే లేదు. "ఈ సంగతులు పుస్తకంలో యాడా లేవు. చదవకుండా అల్లినావు," అని రాసి సున్నా చుట్టాను. సంతోషంగానే చుట్టాను. అది దాచను.

ఆమె నోట్‌బుక్కు తీసి చూసుకుంది.

"నువ్వు సరిగ్గా చదివినావా?" అంది.

"రెండుసార్లు చదివినా ఆ పుస్తకం."

"పుస్తకం కాదు. నా పేజీ."

"చదివినా గాబట్టే సున్నా."

"బుక్కన్నా ఉండనీ. ఇంగా అయిపోలేదు."

"రూలంటే రూలు," అని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని బయటికి పోయింది. అదే ఆమె మా బడికి వచ్చిన చివరి రోజు.

పది రోజుల తర్వాత ఆమె వీధిలో ఉండే పిల్ల చెప్పింది, విడపనకల్లు దిక్కు ఏదో ఊళ్ళో గుళ్ళో పెళ్ళి చేసేశారని. మేడం నోట్‌బుక్కు తెప్పించుకుని వెనక నుంచి పేజీలు తిప్పింది. ఆ పేజీ దగ్గర ఆగి, చదివి, కింద నా ఎర్ర అక్షరాలు కూడా చదివింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"పోలీసులకు ఒక్క ఫోను చేసింటే ఆగేది," అంది మేడం. "నేనన్నా చూడల్ల కదా. నీకు పెన్నిచ్చి పోయినాను." పేజీ మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది.

తాళం చెవి ఆ రోజే ఇచ్చేశాను. రెండేళ్ళు ఏ నవలా ముట్టలేదు. తర్వాత చదవడం మొదలుపెట్టినా, ఏ పుస్తకంలో ఏ పిల్ల నోరు విప్పకుండా కూర్చున్నా ఆ పేజీ మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. ఈ పిల్ల ఏదో చెబుతోంది, ఎవరైనా చూడండ్రా అని అక్కడున్న వాళ్ళందరినీ తిట్టుకునేదాన్ని. అవతలివాళ్ళ తప్పు పట్టడంలో నేను మొదటి నుంచీ గట్టిదాన్నే.

మొన్న వేసవిలో, అంటే ఏడేళ్ళకు, ఆమె బత్తలపల్లె బస్టాండులో కనబడింది. పాపను ఆసుపత్రిలో చూపించుకుని తిరిగి పోతోంది. నేను అనంతపురంలో కాలేజీ నుంచి వచ్చి బస్సు దిగాను. మనిషి సగమైపోయింది. నన్ను చూడగానే మాత్రం "ఏమే లీడరూ, బాగుండావా?" అంది, నిన్ననే విడిపోయినట్టు.

పక్కన కూర్చున్నాను. ఏడేళ్ళుగా లోపల అనుకుంటున్న మాట బయటికి వచ్చింది. "ఆ పేజీ నాకు అర్థం కాలేదే. నోటితో ఒక్క మాట చెప్పింటే..." అన్నాను. అక్కడ కూడా తప్పు ఆమె మీదికే నెడుతున్నానని అన్న తర్వాత తెలిసింది.

"మా అమ్మ ఊరికొచ్చినప్పుడు తన తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకొనింది," అంది ఆమె. "ఎవరితోనన్నా నోరిప్పితే నేను చచ్చినంత ఒట్టు అనింది. అప్పుడే అవ్వ పోయుండె, భయమైంది. పడవ పిల్ల సంగతి మాదిరి రాస్తే ఒట్టు తగల్దులే అనుకొన్యా." పాప నోట్లోంచి వేలు తీసి కొంగుతో తుడిచింది. "నువ్వేం తప్పు రాసినావు? పుస్తకంలో లేదు కదా."

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. అనంతపురం బస్సు మలుపు తిరగడం చూసి పాపను చంకనేసుకుంది.

"అది సరే గానీ, ఆ పుస్తకం కడాకు ఏమైతాది? పడవ మునిగే కాడ నువ్వు లాక్కొంటివి. పడవ పిల్ల మునిగిపోయేటప్పుడు దీపం మేడ మీది పిల్ల చూస్తాదా, చూడదా?"

చూస్తుంది. గాలివానలో లేచి చూసి గంట కొడుతుంది, ఊరంతా ఒడ్డుకు పరుగెత్తుతుంది, పడవ పిల్ల బతుకుతుంది. ఆ పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. కానీ ఈమె ముఖం చూస్తూ ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"చూడదు," అన్నాను. "నిద్రపోతాది."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత నవ్వింది, ఒకటో తరగతి నుంచీ నేనెరిగిన నవ్వే.

"పుస్తకాల్లో అట్ల రాయరు," అంది. "చదవకుండా అల్లుతాండావు." నా అరచెయ్యి పట్టుకుని గోటితో గుండ్రంగా సున్నా చుట్టి, బస్సెక్కింది.