మజ్జిగ లేని విందు

“అన్నం తిన్నాక మాట్లాడదాం” అన్నాడు మా అన్న, ఒళ్ళో పరిచిన గుడ్డను మడిచి బల్లమీద పెడుతూ.

అప్పటికి మేం తినడం అయిపోయింది. చివర్న కాఫీ వాసన వేసే స్వీటు కూడా అయిపోయింది. అన్న కూతురు నా వైపు చూసింది. వదిన కిటికీ వైపు చూసింది. నెల్లూరులో ఒక పెద్ద హోటల్ పై అంతస్తులోని ఇటాలియన్ రెస్టారెంట్‌లో, విందు ముగిసిందో లేదో తెలియక నలుగురం కూర్చుండిపోయాం.

ఈ మాట అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతి తెలియాలి. మా ఇంట్లో పెద్దవాళ్ళను ఏదైనా అడగాలంటే భోజనంలో మజ్జిగ పడ్డాకే అడగాలి. పొలం అమ్మకం గానీ, పెళ్ళి సంబంధం గానీ, అంతకుముందు ఎత్తకూడదు. మా అవ్వ పెట్టిన చట్టం ఇది. “ఆకలి మీదుండే వాడికి చెప్పేదీ గోడకు చెప్పేదీ ఒకటే” అనేది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పాతికేళ్ళకు పైగా పత్రికకు వార్తలు రాశాను. నాయకులను కలవడానికి వెళ్ళినా భోజనాలయ్యాకే ప్రశ్న వేసేవాణ్ణి. ఆ చట్టం నాకెప్పుడూ నష్టం చేయలేదు.

అమ్మాయి పశువైద్యం చదివింది. పట్టా చేతికొచ్చింది. నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుక్కలకు సూదులు వేస్తోంది. ఆమె మనసు మాత్రం మర్రిపాడులో, రోడ్డు పక్కనున్న మా అన్న షెడ్డు మీద ఉంది. అక్కడ గొర్రెల వైద్యం మొదలుపెట్టాలని ఆమె కోరిక. మందకు రోగమొస్తే మా వైపు కాపరులు ఆత్మకూరు దాకా పరుగెత్తాలి. అన్న లెక్క వేరు. కూతురు సర్కారు ఉద్యోగం చేయాలి. షెడ్డును లారీ టైర్ల షాపాయన బాడుగకు అడుగుతున్నాడు, ఆయనకిచ్చేస్తే ఒక పని అయిపోతుంది.

అందుకే ఈ విందు. పట్టా వచ్చిన సంతోషంలో తినిపిస్తానంది అమ్మాయి. ఆత్మకూరులో అయితే కూర్చున్న బల్ల దగ్గరికి ఊరంతా వచ్చి పలకరిస్తుందని నెల్లూరు ఎంచుకుంది. “చిన్నాయనా, నాయన తినినాక నువ్వు మాట ఎత్తు. మిగతాది నేను చూసుకుంటా” అని నాకు పని కూడా అప్పగించింది.

పొద్దుగూకే వేళకు చేరాం. లోపల వెలుగు ఎంత తక్కువంటే, మెనూ చదవడానికి వదిన ఫోను లైటు వేసింది. ముందు రొట్టె ముక్కలు, చిన్న గిన్నెలో నూనె వచ్చాయి.

“ఇదేంది, దీపానికా?” అంది వదిన.

“ముంచుకోని తినాలమ్మా.”

ఆ తర్వాత మేం చేసిన తప్పు ఇంకెవరూ చేయరు. మా ఇంట్లో పెద్దవాడి కంచంలో పడనిదే ఎవరూ ముద్ద ఎత్తరు. అక్కడేమో ఒక్కొక్కరి పళ్ళెం ఒక్కోసారి తెస్తారు. నా పాస్తా వచ్చింది. వదిన పిజ్జా వచ్చింది. అన్న పళ్ళెం రాలేదు. మేం చేతులు కట్టుకుని కూర్చున్నాం. వెయిటర్ రెండుసార్లు వచ్చి, “ఏమైనా తేడా ఉందా సార్?” అని అడిగిపోయాడు. అన్న పళ్ళెం వచ్చేసరికి నా పాస్తా ఒకే ముద్దై గట్టిపడింది. పిజ్జా మీది చీజ్ చల్లారి అట్టలా లేచొచ్చింది.

అన్న కోసం అమ్మాయి ఆలోచించి చెప్పింది రిసొట్టో. బియ్యంతో చేసేది కదా, భోజనం కిందికి వస్తుందని ఆమె ధైర్యం. పెద్ద పళ్ళెం మధ్యలో గుప్పెడు ఉంది.

“అన్నమే నాయనా.”

అన్న ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నలిపి చూశాడు. నెల్లూరు మొలగొలుకుల బియ్యం తిని పెరిగిన మనిషి. “ఉడకలా” అన్నాడు.

“అట్నే ఉండాలంట.”

“ఎవురన్నారు, వండినోడా?”

అయినా అంతా తిన్నాడు. కూతురు పెట్టింది కదా. తిన్నాక అటూ ఇటూ చూశాడు. అమ్మాయికి అర్థమై వెయిటర్‌ను పిలిచి మజ్జిగ ఉందా అని అడిగింది.

“లేదు మేడమ్. కావాలంటే ఇంకొంచెం చీజ్ వేయిస్తాను.”

“ఇందాకట్నుంచి అదే తింటా ఉండాం గదయ్యా” అన్నాడు అన్న.

స్వీటు అయ్యాక నేను గొంతు సవరించుకున్నాను. “అన్నా, ఆ షెడ్డు సంగతి...”

అప్పుడన్నాడు ఆ మాట.

తిరుగు దారిలో ఆత్మకూరు బస్టాండు దగ్గర మెస్సులో కారాపాం. పప్పు, చారు దొరికాయి. అన్న కడుపునిండా తిన్నాడు. అమ్మాయి ముఖంలో ఆశ కనపడింది. మజ్జిగ అడిగితే, “అయిపోయినాది సార్” అన్నాడు మెస్సాయన. అన్న చెయ్యి కడుక్కుని కారెక్కి, మర్రిపాడు దాకా కళ్ళు మూసుకున్నాడు.

నేను ఆ రాత్రి అన్న ఇంట్లోనే ఉన్నాను. తెల్లారి లేచేసరికి అన్న చద్దన్నంలో మజ్జిగ పోసుకుని తిని పొలం వెళ్ళిపోయాడని తెలిసింది. అమ్మాయి నెల్లూరు బస్సెక్కింది.

“ఆయనకు తెలుసు, మనమేం అడగబోతామో” అంది వదిన గిన్నెలు సర్దుతూ. “కాదంటే బిడ్డ బాధపడతాది. అవునంటే ఆయన మాట పోతాది. అందుకని మజ్జిగను అడ్డం పెట్టుకోనుండాడు.”

“నువ్వు చెప్పొచ్చు గదా వదినా?”

“నేను చెప్తే వినేటోడైతే నెల్లూరుకు పోవాల్సిన పనేముండాది?”

ఇప్పుడు అమ్మాయి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. “అన్నం తిన్నావా నాయనా?” అంటుంది. “ఇంకా లేదుమ్మా” అంటాడు. తర్వాత ఇద్దరూ వాన గురించి, గొర్రెల గురించి చాలాసేపు మాట్లాడుకుంటారు.

టైర్ల షాపాయన ఇంకోచోట స్థలం చూసుకున్నాడు. షెడ్డు మూసే ఉంది. తాళంచెవి మా అన్న మొలతాడుకు వేలాడుతోంది.