నందిగామ ఇంట్లో తప్పు మస్తాన్ వలీ గారిది కాదు

జగ్గయ్యపేటలో రేకు డక్టుల పనికి పెద్దదిక్కుగా నిలిచిన షేక్ మస్తాన్ వలీ గారు కన్నుమూశారు. ఆ శుక్రవారం ఉదయం నేను కంచికచర్లలో ఒక కొత్త ఇంట్లో నిచ్చెన మీద ఉన్నాను. ఫోను మోగింది. వారి అమ్మాయి షకీలా. "అక్కా, నాన్న లేడక్కా" అన్నది. తెల్లవారి నమాజు చేసుకుని, మంచం మీద కూర్చుని, టీ పెట్టమని అడిగి, ఆ టీ వచ్చేలోగానే పక్కకు ఒరిగిపోయారట. నిచ్చెన ఎలా దిగానో నాకు గుర్తులేదు. దుఃఖం వచ్చింది, నిజమే. దానికంటే ముందు భయం వచ్చింది. ఆయనకు చెప్పవలసిన మాట ఒకటి ఐదేళ్ళుగా నా గొంతులో ఉండిపోయింది. వినవలసిన మనిషి వెళ్ళిపోయారు.

మా ఏసీ పనివారల సంఘం వారు తమ పత్రికకు మస్తాన్ గారి గురించి నాలుగు మాటలు రాయమని అడిగారు. శిష్యురాలిని కనుక నాకు ఆ అర్హత ఉందని వారి ఉద్దేశం. ఆ అర్హత సంగతి చివరిదాకా చదివినవారు నిర్ణయించుకోవచ్చు.

మస్తాన్ గారి తండ్రి ట్రంకుపెట్టెలు చేసేవారు. ఈయన ఆ రేకు విద్యతోనే మొదలుపెట్టి, కొన్నేళ్ళు కూలర్ల డబ్బాలు కట్టి, మా ప్రాంతపు ఇళ్ళలోకి పెద్ద ఏసీలు వచ్చేసరికి డక్టుల పనిలో స్థిరపడ్డారు. తెలియనివారి కోసం చెబుతున్నాను. ఇంటికంతటికీ ఒకే యంత్రం పెట్టి, స్లాబుకూ ఫాల్స్ సీలింగుకూ మధ్య రేకు గొట్టాలు నడిపి గదిగదికీ చల్లగాలి పంపుతారు. ఆ గొట్టాలే డక్టులు. ముక్కకూ ముక్కకూ కలిపిన చోట సందు మిగిలితే చల్లగాలి గదికి చేరకుండా సీలింగు పైనే ఖర్చైపోతుంది. యంత్రం ఆగకుండా తిరుగుతుంది, కరెంటు వృథాగా కాలుతుంది, కింద మనిషికి మాత్రం చెమట ఆరదు. మండువేసవిలో జగ్గయ్యపేట స్లాబుల వేడి ఎరిగినవారికి ఇది ఎంత నరకమో వేరే చెప్పనక్కరలేదు. ఆ సందులు మూయడాన్ని మస్తాన్ గారు ఒక వ్రతంలా పాటించారు. "గాలికి మొహమాటం ఉండదమ్మా, సందు దొరికితే పోద్ది" అనేవారు.

మాది వత్సవాయి. పత్తీ వరీ పండించే ఇల్లు. మెకానికల్‌లో డిప్లొమా చేసి, ఏసీల పని నేర్చుకుంటానని ఊళ్ళు తిరిగాను. సీలింగుల్లోకి ఎక్కే పనికి ఆడపిల్లను ఎవరూ పెట్టుకోలేదు. లెక్కలు రాసే కుర్చీ చూపించినవారున్నారు, నవ్వినవారున్నారు. మస్తాన్ గారు మాత్రం చేతిలో రేకు కత్తెర అలాగే పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నిచ్చెన ఎక్కుతావా?"

"ఎక్కుతానండి."

"పైన బల్లులుంటయ్. ఎలకలుంటయ్."

"మాది పల్లెటూరండి."

"అయితే రేపొచ్చెయ్. చున్నీ గట్టిగా కట్టుకో. రేకు అంచు చూసుకోకపోతే చెయ్యి కోసుద్ది."

మరునాటి నుంచి నేను ఆయనను బాబాయ్ అన్నాను. ఆయన నన్ను చివరిదాకా "అమ్మాయ్" అనే పిలిచారు. నాలుగేళ్ళు ఆయన వెంట తిరిగాను. నాకు తెలిసిన విద్యలో పుస్తకం నుంచి వచ్చింది కొంచెం. మిగిలినదంతా ఆ చేతుల నుంచి వచ్చింది.

ఆయన పరీక్షా సాధనం అగరొత్తి. యంత్రం నడుస్తుండగా వెలిగించిన అగరొత్తిని ప్రతి జాయింటు దగ్గరా పట్టుకునేవారు. పొగ చెదిరితే అక్కడ గాలి బయటికి పోతున్నట్టు, లోపలికి లాక్కుంటే అక్కడ గాలిని పీలుస్తున్నట్టు. ఆ తరువాత రేకును తుడిచి, మాస్టిక్ అనే చిక్కటి ముద్దను వేళ్ళతో సందులోకి నొక్కి పూసేవారు. గుడ్డ టేపు చుట్టి సరిపెట్టేవారిని చూస్తే ఆయనకు మండిపోయేది. "ఆ జిగురు రెండు వేసంకాలాలు ఆగదు. ఎండిపోయి అట్టలా ఊడిపోద్ది. మనం పోయాక కూడా ఉండాల్సింది పుయ్యాలమ్మాయ్" అనేవారు.

జగ్గయ్యపేటలోనే ఒక ఇంట్లో విచిత్రమైన ఫిర్యాదు వచ్చింది. ఇల్లు చల్లబడటం లేదు సరికదా, వంటింట్లో చేపల పులుసు పెడితే వాసన పడకగదిలో వస్తోందట. భార్యాభర్తలు ఆ విషయమై వారంనుంచి మాట్లాడుకోవడం లేదు. ఇంటాయన ఇంకా పెద్ద యంత్రం కొనడానికి సిద్ధపడ్డారు. మస్తాన్ గారు అగరొత్తి పట్టుకుని సీలింగులోకి దూరి, గంట తరువాత తల బయటపెట్టి, "అమ్మా, మీ పులుసు తప్పు లేదు" అన్నారు. గదుల గాలిని యంత్రానికి వెనక్కు తెచ్చే గొట్టం వంటింటి మీదుగా పోతూ అక్కడి సందులోంచి వాసనను లాక్కుంటోంది. "పెద్ద మిషను ఎందుకండీ, ఉన్నదాని గాలి మీకందట్లేదు. ముందు అది అందనివ్వండి" అని ఆపారు. రెండు రోజులు సందులన్నీ మూశాం. ఇల్లు చల్లబడింది. ఆలుమగలు మాట్లాడుకున్నారు. మిషను అమ్మవలసిన షాపాయన మాత్రం మస్తాన్ గారిని చూస్తే చాలాకాలం మొహం తిప్పుకున్నాడు.

ఇక నేను దాటవేయలేని చోటికి వచ్చాను.

ఐదేళ్ళ కిందట నందిగామలో సత్యనారాయణ గారని ఒక మిర్చి వ్యాపారి కొత్త ఇంటికి ఏసీ పని మొత్తం నాకు అప్పగించారు. నా పేరు మీద నాకు దొరికిన మొదటి పెద్ద ఇల్లు అది. డక్టుల పనికి బాబాయినే పిలిచాను. ఆయన రేకులు కోసి, మడిచి, బిగించి, అన్నీ వేలాడదీశారు. సందులు మూయడానికి ఇంకా రెండు రోజులు కావాలన్నారు. గృహప్రవేశం దగ్గరకొచ్చింది. సీలింగు కట్టేవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆ రోజు పని ఇవ్వకపోతే వేరే ఊరు పోతామన్నారు.

"బాబాయ్, టేపు చుట్టేసి మూయించేస్తాను. తరవాత చూసుకుందాం" అన్నాను.

"మూస్తే కనపడకుండా పోద్దిగానీ, కారటం ఆగదమ్మాయ్. రెండ్రోజులు. నేను మాట్లాడతా వాళ్ళతో."

"వద్దు బాబాయ్. ఇది నా కాంట్రాక్టు."

ఆ చివరి మాట అలాగే అన్నాను. ఆయన చేతిలో ఉన్న మాస్టిక్ డబ్బాకు మూత పెట్టి, "సరే, నీ ఇష్టం" అన్నారు.

వేసవి వచ్చింది. సత్యనారాయణ గారి తల్లి తుంటి ఎముక విరిగి మంచం పట్టారు. ఆవిడ గది ఇంటికి ఆ చివర ఉన్నది. యంత్రానికి అందరికన్నా దూరం. హాల్లో చల్లగానే ఉండేది. మామ్మగారి గదిలో మధ్యాహ్నం కూర్చోలేం. సీలింగు చెమర్చి గోధుమరంగు మరకలు పడ్డాయి. ఆవిడ వీపు మీద చెమటకాయలు లేచాయి. కదలలేని మనిషి. సత్యనారాయణ గారు ఇద్దరినీ పిలిపించారు. సలహాకు పిలిచిన మరో ఇద్దరు కాంట్రాక్టర్లు కూడా అక్కడ ఉన్నారు.

"ఎవరు చేసిన పని అండీ ఇది? మా అమ్మ పరిస్థితి చూశారా?" అని ఆయన గట్టిగా అడిగారు.

ఆ క్షణంలో నాకు వినిపించింది నా భవిష్యత్తు. ఆడపిల్లకిస్తే ఇంతేనని ఊరంతా అంటారనుకున్నాను. నోరు తెరిచి, "డక్టుల పని మస్తాన్ గారిదండి" అన్నాను.

అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను నా జన్మలో ఆడలేదు.

బాబాయి నావైపు చూస్తారనుకున్నాను. చూడలేదు. తలెత్తి ఆ మరకలను చూశారు. "నేను సరిచేస్తానండి. మామ్మగారిని నాలుగు రోజులు ముందు గదిలోకి మార్చండి" అన్నారు.

నాలుగు రోజులు ఆ ఎండలో, అరవై దాటిన మనిషి, సీలింగుకు కంతలు కోయించి, వెల్లకిలా పడుకుని పాకుతూ పనిచేశారు. చుట్టిన గుడ్డ టేపు అప్పటికే పెచ్చులుగా ఊడి వేలాడుతోంది. దాన్ని పీకి, తుడిచి, ప్రతి జాయింటుకూ ముద్ద పూసి, వేడి తగలకుండా మళ్ళీ పైన ఇన్సులేషన్ పొర చుట్టారు. నేను కిందనుంచి డబ్బాలు అందించాను. "మాస్టిక్కు." "కత్తెర." "మంచినీళ్ళు." ఆ నాలుగు రోజులూ మా మధ్య నడిచిన సంభాషణ అంతే. అగరొత్తి పొగ ఏ జాయింటు దగ్గరా కదలకుండా నిలబడేదాకా ఆయన దిగలేదు.

మామ్మగారిని తిరిగి తన గదిలోకి తెచ్చిన మధ్యాహ్నం, కాసేపటికి ఆవిడ, "ఒరే, దుప్పటియ్యండ్రా, చలేస్తంది" అన్నారు. ఇంట్లో అందరూ నవ్వారు. మస్తాన్ గారు గుమ్మం బయట చెప్పులు వేసుకుంటూ ఆ మాట విని, తలపాగా గుడ్డతో మొహం తుడుచుకున్నారు. పని చూడటానికి ఆ కాంట్రాక్టర్లిద్దరూ మళ్ళీ వచ్చారు. సత్యనారాయణ గారు వారి ఎదుటే నన్ను పక్కకు పిలిచి, "మీరు దగ్గరుండి చేయించబట్టి సరిపోయిందమ్మా. ఇంకెప్పుడూ ఆ ముసలాయన్ని పెట్టుకోకండి" అన్నారు.

నేను తల ఊపాను.

మొదటిసారి భయం మాట్లాడించిందని నాకు నేను చెప్పుకోగలను. రెండోసారికి ఏ సాకూ లేదు. ఆ తల ఊపుడు అక్కడున్న కాంట్రాక్టర్లు చూశారు. నందిగామలో మాట పాకింది. ఆయన్ను పనులకు పిలవడం మానేశారు. నన్ను పిలవడం మొదలుపెట్టారు. జగ్గయ్యపేటలోని చిన్న షాపులో ఆయన మళ్ళీ కూలర్ల డబ్బాలకూ, కారే బొక్కెనలకూ మాట్లు వేసుకుంటూ కూర్చున్నారు. నేను ఆ వీధిన వెళ్ళడం మానుకున్నాను. పక్క వీధి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

కిందటేడాది జగ్గయ్యపేట బస్టాండులో ఎదురుపడ్డారు. చిక్కిపోయారు. తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

"బాగున్నావా అమ్మాయ్? పనులెట్టా ఉన్నయ్?"

"బాగానే ఉన్నయ్ బాబాయ్."

"జాయింట్లు నువ్వే చూస్తన్నావా, వాళ్ళమీద ఒదిలేస్తన్నావా?"

"నేనే చూస్తున్నా."

"చూడు. ఒక్కటి కూడా ఒదలమాక" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బాబాయ్, మీతో మాట్లాడాలి. ఆదివారం ఇంటికొస్తా" అన్నాను. "రా తల్లీ, మీ పిన్ని కూడా అడుగుతావుంటది" అన్నారు.

వెళ్ళలేదు. ఆ ఆదివారం పని ఉందనుకున్నాను. తరువాత వారం జ్వరమన్నాను, ఎవరూ అడగకుండానే. ఆ తరువాత ఆలస్యమైందన్న సిగ్గే వెళ్ళకపోవడానికి కారణమైంది.

ఆయన పోయిన మూడోనాడు ధైర్యం చేసి ఇంటికి వెళ్ళాను. వారి భార్య రజియా పిన్ని గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నది. కాళ్ళ దగ్గర కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ మధ్యలో ఆపలేదు. అంతా విని, "నాకు అప్పుడే తెలుసమ్మా" అన్నది.

"బాబాయి చెప్పారా?"

"అడిగితే చెప్పాడు. నేనే పోట్లాడా. ఆ పిల్ల నోరు మూసుకుంది సరే, నువ్వెందుకు మూసుకున్నావని. నేను నోరు తెరిస్తే ఆ అమ్మాయిని రెండో ఇంటికి ఎవరూ పిలవరు రజియా అన్నాడు. నా పని నలభయ్యేళ్ళుగా చూసినోళ్ళున్నారు, నాకేం కాదులే అన్నాడు." ఆవిడ కొంగు సర్దుకుంది. "ఆ చూసినోళ్ళెవరూ రాలేదమ్మా."

నేను తల ఎత్తలేకపోయాను.

"ఆదివారం వస్తానన్నావంట. రెండు ఆదివారాలు షాపు తియ్యకుండా కూర్చున్నాడు. మూడోసారి నేనే పంపించా, పో, రాదులే అని."

క్షమించమని అడిగాను. పిన్ని నా చెయ్యి తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. "నాకు చెప్తే ఏముంది? వినాల్సినోళ్ళు నందిగామలో ఉన్నారు" అన్నది.

అక్కడినుంచే బస్సెక్కి నందిగామ వెళ్ళాను. సత్యనారాయణ గారికి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తలెత్తి సీలింగు వైపు చూశారు. మామ్మగారు రెండేళ్ళ కిందట ఆ గదిలోనే ప్రశాంతంగా పోయారట. "ఆ నాలుగు రోజుల్లో ఆయనకి నేను మంచినీళ్ళు కూడా మర్యాదగా ఇవ్వలేదమ్మా" అన్నారు. తరువాత, "ఇప్పుడెవరికి చెప్పుకోవాలి నేను?" అని నన్నే అడిగారు. నాదీ అదే ప్రశ్న.

అందుకే ఈ సంచికలో, మా వృత్తివారందరి ఎదుట, నా పేరుతో రాస్తున్నాను. ఆ ఇంట్లో మస్తాన్ వలీ గారి పనిలో లోపం లేదు. ఆయన వద్దంటున్నా సీలింగు మూయించింది నేను. నింద ఆయన మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నది నేను. ఆయన శ్రమతో వచ్చిన మంచిపేరును ఐదేళ్ళు అనుభవించినది నేను. ఇది చదివి నన్ను పనికి పిలవకపోతే ఆ నిర్ణయం న్యాయమైనదే.

మహానుభావులన్న మాటను మనం వేదికల మీద సులువుగా వాడేస్తాం. ఒకరి బతుకు నిలబడటానికి తన పేరును, తన పనిని మౌనంగా వదులుకుని, ఎదురుపడినప్పుడు కుశలమడిగి జాగ్రత్త చెప్పిన మనిషికి నాకు వేరే మాట తెలియదు. అటువంటి ఔదార్యానికి నేను పాత్రురాలిని కాను. ఈ ప్రాంతంలో రేకు వంచగలవారు ఇంకా ఉన్నారు, ఉంటారు. నా తప్పు తెలిసీ నన్ను "రా తల్లీ" అన్న మనిషి ఇక లేరు. బాబాయ్, ఆలస్యంగా వచ్చాను. మీ పాదాలకు నమస్కారం.