వంక పారే నెలల ప్రశ్న

2023 జూన్ నెల. ఆదోనిలో ఒక సివిల్ వకీలు దగ్గర నేను జూనియర్‌గా చేరి రెండో ఏడు నడుస్తోంది. మా ఆఫీసు కోర్టు వెనక వీధిలో, ఒక పత్తి వ్యాపారి ఇంటి కింది భాగంలో రెండు గదులు. ముందు గదిలో మా సీనియర్ కూర్చునేవారు. వెనక గదిలో బీరువాలు, కేసు కట్టలు, నేను. కోర్టులో లేచి నిలబడి మాట్లాడాలంటే నాకు అప్పటికీ బెరుకుగా ఉండేది. అందుకని నోటితో పని లేనివి ఆయన నాకు అప్పగించారు. నోటీసులు రాయడం, పాత తీర్పులు చదివి నాలుగు మాటల్లో చెప్పడం, మా దగ్గర్నుంచి హైకోర్టుకు వెళ్ళిన కేసులు ఎక్కడిదాకా వచ్చాయో నెలకోసారి కంప్యూటర్లో చూడడం.

వాటిలో అన్నిటికన్నా పాతది సుంకమ్మ కేసు. ఎమ్మిగనూరు దారిలో ఒక ఊరు ఆమెది. రెండెకరాల నల్లరేగడి. ఆ చేను వెనక ఉంది. దాని ముందు నాలుగెకరాలు ఈరన్న అనే రైతువి. ఒకప్పుడు ఆరెకరాలూ ఈరన్న తండ్రివే. వెనక రెండెకరాలు ఆయన సుంకమ్మ తండ్రికి అమ్మాడు. దారి సంగతి పత్రంలో ఎవరూ రాసుకోలేదు. బండ్లు ముందు చేను నడుమ నుంచే పోయేవి. చాలా ఏళ్ళకు వంక అవతల మట్టిరోడ్డు పడింది. వంక దాటితే సుంకమ్మ చేనికి అటునుంచి కూడా పోవచ్చు. "నీకు ఇంకో దారి వచ్చె గదా" అని ఈరన్న తన చేనికి అడ్డంగా ముళ్ళకంప వేశాడు. మనిషి నడిచి పోవచ్చు, బండి మాత్రం పోకూడదన్నాడు.

ఎండాకాలంలో ఇబ్బంది లేదు. కానీ ఉల్లి తవ్వే నెలల్లోనే ఆ వంక పారుతుంది. తవ్విన ఉల్లి వానలో నాలుగు రోజులు చేలోనే ఉంటే కుళ్ళిపోతుంది.

ఆదోని కోర్టులో సుంకమ్మ గెలిచింది. దాని పై కోర్టులో ఈరన్న గెలిచాడు. సుంకమ్మ హైకోర్టులో సెకండ్ అప్పీల్ వేసింది. ఈ సెకండ్ అప్పీల్ అనేది వింతైన పద్ధతి. ఎవరు నిజం చెప్పారు, ఎవరు అబద్ధం ఆడారు అని అందులో మళ్ళీ మొదటినుంచి చూడరు. చట్టం తేల్చవలసిన గట్టి ప్రశ్న ఒకటైనా ఉంటేనే దాన్ని విచారణకు తీసుకుంటారు. ఆ ప్రశ్నను న్యాయమూర్తే వాక్యంగా రాయిస్తారు. ఈ కేసులో అది ఇంగ్లీషులో మూడు వరుసలు. నా డైరీలో దాన్ని తెలుగులో ఇలా రాసుకున్నాను: "కొత్తగా ఏర్పడిన దారి ఏడాదిలో కొన్ని నెలలు నడవడానికి వీలు కానిదైతే, అవసరం వల్ల పుట్టిన పాత దారి హక్కు తీరిపోయినట్టేనా?"

ఆ కట్ట నేను మొత్తం చదివాను. సాక్ష్యాలు, పటాలు, ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు, పోలీసు స్టేషన్‌దాకా పోయిన ఒక కొట్లాట. అదంతా వడగడితే మిగిలింది ఈ ఒక్క వాక్యం. అందులో ఎవరి పేరూ లేదు, ఊరి పేరూ లేదు. వంక అన్న మాట కూడా లేదు. అయినా సుంకమ్మ బాధ ఒక్క చుక్క కూడా బయట పడిపోలేదు. ఈరన్న వాదన కూడా పడిపోలేదు. పుస్తకాలు చాలానే చదివాను కానీ, ఇంత చిన్న వాక్యంలో ఇంతమంది పట్టడం నేను అంతకుముందు చూడలేదు.

సుంకమ్మకు మొదటిసారి చదివి వినిపించింది నేనే. ఆమె ఇంకోసారి చదివించుకుంది.

"ఈ మాట ఎవురు రాసినారు పాపా?"

"హైకోర్టు జడ్జి గారు."

"ఆయప్ప మా వంక కాడికొచ్చి సూసినాడా?"

"లేదమ్మా. కాగితాలు చూసి రాశారు."

"సూడకుండానే రాసినాడా! మా ఇంటాయప్ప వంక పక్కనే బతికి, సచ్చేదాకా నేను సెప్పేది అర్థం సేసుకోలే. యాడో కూచున్నాయప్ప సేసుకున్యాడు సూడు."

ఆ జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ వచ్చింది. కేసు గురించి కాదు.

"ఒక అర్జీ రాసియ్యాల పాపా. ఊరి సచివాలయంలో ఇచ్చేకి. మా వదినెకు పించను రావాల. మొగుడు పోయినాడు."

కాగితం తీసి పేరు అడిగాను. గోవిందమ్మ అంది. భర్త పేరు అడిగాను. ఈరన్న అంది. ఊరు అడిగాను.

"మా ఊరే."

కలం ఆగిపోయింది. "ఏ ఈరన్న అమ్మా?"

"ఎంతమంది ఈరన్నలుండారు? మన ఈరన్నే. దారి ఈరన్న. ఊరి వరసకు నాకు అన్న."

"ఎప్పుడు పోయారు?"

"ఉగాది అయినంక పది దినాలకు. గుండె పట్టుకున్యాది. ఆదోని ఆస్పత్రికి తెచ్చేలోపలే అయిపాయ."

"మాకు చెప్పలేదేమమ్మా?"

ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీకెందుకు సెప్పాల? మీకేమన్నా సుట్టమా?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఎనభై రోజులు. అప్పీల్ నడుస్తుండగా ఎదుటి పార్టీ చనిపోతే, తొంభై రోజుల్లో ఆయన వారసుల పేర్లు కోర్టులో చేర్చాలి. దాన్ని ఎల్.ఆర్. పిటిషన్ అంటాం. చేర్చకపోతే అప్పీల్ అబేట్ అవుతుంది, అంటే దానంతట అదే ఆరిపోతుంది. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది కానీ, మన్నిస్తారన్న నమ్మకం లేదు. చావు కబురు ఈరన్న వకీలుకు తెలిస్తే ఆయనే కోర్టుకు చెప్పి ఉండేవారు. ఆయనకు కూడా ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇదంతా సుంకమ్మకు చెప్పాను.

"మనిషే పోయినంక ఇంగ కేసేంది పాపా? పోనీలే."

"కేసు పోతే దారి కూడా పోతుందమ్మా. మీరు ఓడిపోయిన తీర్పే నిలిచిపోతుంది."

ఆమె కొంగు సర్దుకుంది. "ఆ మాట కూడా పోతాదా? జడ్జి రాసిన మాట?"

"పోతుంది. దానికి ఇక ఎవరూ జవాబు చెప్పరు."

ఆ దెబ్బ ఆమెకు తగిలినట్టు ముఖంలో తెలిసింది. అయినా తల అడ్డంగా ఊపింది. "వద్దులే. దినాలు అయ్యేదాంక వాళ్ళింట్లో రొట్టెలు సేసింది నేనే. ఇప్పుడు ఆమె పేరు కోర్టుకెక్కిస్తే నా మొగం యాడ పెట్టుకోవాల? పండగనాడు ఆమె ఇచ్చే నీళ్ళు ఎట్ల తాగాల?"

ముందు గదిలోంచి సీనియర్ అంతా విన్నారు. "కేసు ఆమెదమ్మా. వద్దంటే వద్దు. మనం బలవంతం సేసేకి లేదు. ఆ పించను అర్జీ మాత్రం బాగా రాసియ్యి" అన్నారు.

రాశాను. ఆమె అర్జీ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. నాకు మామూలుగా అలాంటప్పుడు మాట రాదు. ఆ రోజు ఎలా వచ్చిందో తెలియదు. "వద్దంటున్నది మీరు కదమ్మా. ఆమె వద్దన్నారా?" అన్నాను. సుంకమ్మ నావైపు ఒకసారి చూసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో రోజు ఆఫీసు ముందు ఆటో ఆగింది. సుంకమ్మ వెనకే ఇంకొకామె దిగింది. పొడుగ్గా, బక్కగా, బొట్టు లేని నుదురు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

"ఈమే మా గోవిందమ్మ వదినె" అంది సుంకమ్మ, గొంతు తగ్గించి.

మా సీనియర్ కుర్చీలోంచి సగం లేచారు. "అమ్మా, నువ్వు ఎదుటి పార్టీ. నీతో మేం మాట్లాడకూడదు. మీ వకీలు దగ్గరికి పోవాల."

"ఆయప్ప కర్నూల్లో ఉండాడు సామీ. అంతదూరం నేను పోలేను. మా వదినె ఈడికొస్తాంటే వస్తి."

సీనియర్ అప్పటికప్పుడు ఆ వకీలుకు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టారు. అవతలాయన ముందు ఈరన్న చావుకు నొచ్చుకున్నారు. తర్వాత అనుమానంగా, "అమ్మా, మీరు ఊరికే ఉంటే అప్పీల్ దానంతటదే పోతుంది. మీరు గెలిచినట్టే. ఆ సంగతి తెలుసా మీకు?" అన్నారు.

ఆయన తన క్లయింటుకు చెప్పవలసిన మాటే చెప్పారు. సుంకమ్మ నేల చూపులు చూస్తోంది.

"తెల్సు సామీ. వదినె సెప్పింది" అంది గోవిందమ్మ. "నేను ఓడిపోయేకి రాలేదు. దారి ఇస్తానని కూడా రాలేదు. మా ఆయప్ప టీ అంగడికాడ కూచుంటే వచ్చేవోన్ని, పోయేవోన్ని అడిగేవోడు. 'వంక పారే నాలుగు నెలలకోసరం నా సేను పన్నెండు నెలలు తొక్కుతారా? సెప్పండ్రప్పా' అని. ఒగుడు అవునంటాడు, ఒగుడు కాదంటాడు. 'మీతో కాదులే, పెద్దకోర్టే సెప్పాల' అనేవోడు. సచ్చే ముందర వారం కూడా అన్యాడు. ఇప్పుడు జవాబు రాకుండానే గెలిస్తే, ఆయప్ప అడిగింది ఎవురికి సెప్పినట్లు?"

ఫోన్‌లో ఆ వకీలు, "సరేనమ్మా. వారసుల పేర్లు ఇవ్వండి. నాకు అభ్యంతరం లేదు" అన్నారు.

"రాజీ పడరాదా? లోక్ అదాలత్ ఉండాది" అన్నారు మా సీనియర్, ఆశగా.

"నా కొడుకులు ఒప్పుకోరు" అంది గోవిందమ్మ.

"నేనూ ఒప్పుకోను" అంది సుంకమ్మ. "రాజీ అంటే ఆయన్న తప్పు సేసినాడని అవుతాది. ఆయన్న తప్పు సేయలే, అడిగినాడు. గెలిచేది మాత్రం నేనే వదినె."

"సూస్తాంలే పా."

గోవిందమ్మ కవరులోంచి మరణ ధ్రువపత్రం, ఆధార్ జిరాక్సులు తీసి నా బల్ల మీద పరిచింది. భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్ళై తుగ్గలిలో ఉంటున్న కూతురు. వయసులు ఆమె చెబుతుంటే నేను టైపు చేశాను. పెద్దకొడుకు వయసు దగ్గర ఆమె తడబడింది. "లే వదినె, మా పిల్లోడు నాగన్నకంటే ఒగ ఏడు పెద్ద గదా" అని సరిచేసింది సుంకమ్మ. తన మీద తానే నిలబెట్టుకుంటున్న ప్రత్యర్థుల వయసులు అవి. ఆ అంకె దిద్దుతుంటే నాకు ఏదోలా అనిపించింది. ఏడుపు కాదు, భయం కాదు. గుళ్ళో గంట దగ్గరగా మోగినప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుందే, అలాంటిది.

సుంకమ్మ వేలిముద్ర వేసింది. విజయవాడలో ఉండి హైకోర్టులో వాదించే మా వకీలుకు కాగితాలు ఆ సాయంత్రమే మెయిల్‌లో పంపి, అసలువి బస్సు పార్సిల్‌లో వేశాం. గడువుకు రెండు రోజులుందనగా పిటిషన్ దాఖలైంది. కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. ఈరన్న పేరు పక్కన 'మరణించారు' అని చేరింది. ఆ కింద నాలుగు కొత్త పేర్లు. ప్రశ్న మాత్రం అలాగే ఉంది. ఒక్క అక్షరం మారలేదు.

సెప్టెంబరులో ఎమ్మిగనూరు కోర్టులో వాయిదా ఉండి నన్ను పంపారు. తిరిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి ఆ వంక కనిపించింది. కట్ట నిండా చదివిన వంక. మట్టిరంగు నీళ్ళతో, అంచులు తాకుతూ పారుతోంది. ఊరి దగ్గర దిగి నడిచాను. ముళ్ళకంప అలాగే ఉంది. మనిషి పట్టేంత సందు వదిలారు. ఆ సందులోంచి ఉల్లి గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ముందు సుంకమ్మ. రెండో మనిషి గోవిందమ్మ.

"ఏం పాపా, తీర్పు తెచ్చినావా?" అంది గోవిందమ్మ.

"ఇంకా రాలేదమ్మా."

"మరి ఊరికే ఎందుకొస్తివి? ఈ గంప దించు."

దించాను. చాలా బరువు. ఆగలేక అడిగాను, "ఈ కంప తీసేస్తే బండే వస్తుంది కదమ్మా?"

"తీసేకి నేనెవురు? కొడుకులుండారు, కోర్టుండాది. ఆ మాట తేలేదాంక దాన్ని ముట్టకూడదు" అంది ఆమె. "మోసేకి ఎవురూ అడ్డం సెప్పలే గదా."

ఆమె మళ్ళీ సందులోకి వంగి వెళ్ళిపోయింది. తన సొంత చేను మీదుగా, సుంకమ్మ ఉల్లి కోసం.

ఆ అప్పీల్ ఇప్పటికీ పెండింగే. కేసు కట్టలో న్యాయమూర్తులు, వకీళ్ళు, సెక్షన్లు ఉంటాయని చదువుకున్నాను. దాన్ని ఆరిపోకుండా కాపాడేది మాత్రం రెండు వైపులా ఉన్న మనుషులు బతికి ఉండడం, ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండడం అని నాకు ఈ కేసు నేర్పింది. అందుకే హైకోర్టు కేసులు చూసే రోజున కంప్యూటర్ తెరిచే ముందు ఫోన్ తీస్తాను. మన పార్టీ ఎలా ఉన్నారు, ఎదుటివాళ్ళు ఎలా ఉన్నారు అని అడుగుతాను. ఫోన్ చేయాలంటే ఇప్పటికీ బెరుకే, అయినా చేస్తాను. పోయిన నెల సుంకమ్మకు చేశాను.

"అందరూ బాగున్నారా అమ్మా? గోవిందమ్మ గారు?"

"మేమందరం బాగుండాం పాపా" అంది. "మా మాట ఎట్లుండాది ఆడ?"