కప్పం తెచ్చినవాళ్ల మెట్లు

నా చిన్నప్పుడు మిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక అక్క అద్దెకుండేది. మన పిల్లలు చదువుల కోసం కెనడాకు వరదలా వచ్చిపడిన రోజులవి. ప్రతి వీధిలోనూ ఏదో ఒక ఇంటి కింద నలుగురైదుగురు స్టూడెంట్లు సర్దుకుని బతికేవారు. అక్కది కరీంనగర్ వైపు. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో పని. అద్దె ఏనాడూ ఆలస్యం చేయలేదు. అయినా మా నాన్న ఆమెకు ఒక షరతు పెట్టాడు. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు ముందు తలుపు నుంచి రాకూడదు, గరాజ్ పక్క సందులో ఉన్న తలుపు నుంచే రావాలి.

తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా నాన్న కూడా ఒకప్పుడు అమెరికాలో ఎవరి ఇంటి కిందో పరుపు వేసుకుని చదువుకున్నవాడే. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

ఆ చలికాలం బడిలో ప్రాచీన నాగరికతల మీద పోస్టర్ చేయమన్నారు. నేను పర్షియా తీసుకున్నాను. పక్కింటి ఇరానీ ఆంటీ వాళ్ల హాల్లో ఒక పెద్ద ఫొటో ఉండేది. పర్సెపొలిస్ అనే పాత రాజధానిలో మెట్ల పక్క గోడ మీద చెక్కిన బొమ్మలవి. సామ్రాజ్యంలోని రకరకాల జనం, ఎవరి బట్టల్లో వాళ్లు, రాజుకు కానుకలు పట్టుకుని వెళ్తుంటారు. ఆంటీ నాకు దాని కాపీ ఇచ్చింది. అందులో చొక్కా లేకుండా, పంచె కట్టుకుని, భుజం మీది కర్రకు రెండు బుట్టలు వేలాడదీసుకున్న మనిషి ఒకడున్నాడు. కెనడాలో పుట్టిన పిల్లను, నాకేం తెలుసు. అది తూకం వేసే త్రాసనుకుని కింద అలాగే రాసేశాను.

శనివారం నాన్న స్నేహితులు భోజనానికొచ్చారు. ఆంటీని కూడా పిలిచారు. నా పోస్టర్ చూసి అందరూ చప్పట్లు కొట్టారు, తప్పు ఒక్కరికీ కనబడలేదు. తర్వాత మాటలు స్టూడెంట్ల మీదికి మళ్లాయి. వీళ్లొచ్చి మన పరువు తీస్తున్నారని ఒక అంకుల్ గోంగూర వడ్డించుకుంటూ అంటుంటే నాన్న తలూపుతున్నాడు. అప్పుడే బెల్ మోగింది. పనినుంచి వచ్చిన అక్క.

"అంకుల్, సందుల ఐసు గడ్డకట్టింది, కాలు నిలుస్తలేదు. ఇయ్యాల ఒక్కసారి ఇట్ల పోత."

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా నీకు? గెస్టులున్నారు కదా," అన్నాడు నాన్న, తలుపు సగమే తెరిచి.

అక్క సరేనని వెనక్కి తిరిగింది. లోపల ఎవరో నవ్వారు. ఆంటీకి తెలుగు రాదు, ఏమైందని నన్ను అడిగింది. నేను ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లో చెప్పేశాను. ఆమె కోటు కూడా వేసుకోకుండా బయటికి వెళ్లి, అక్క చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. నాన్న ముఖం మాడిపోయింది.

ఎటు చూడాలో తెలియక అక్క నా పోస్టర్ వంక చూసింది. "ఇది తరాజు కాదు బుజ్జీ, కావడి," అంది మెల్లగా. తరాజేమిటి, త్రాసు అనాలని ఒక అంకుల్ వెక్కిరించాడు. ఆంటీ మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయింది. తరాజు మా ఫార్సీ మాటే, మా అమ్మ కూడా అదే అనేదని అక్క భుజం తట్టింది.

ఆ తర్వాత అందరి వైపూ తిరిగింది. ఆ కావడి మనిషి సింధు వైపు నుంచి వచ్చినవాడని, మీవాడేనని చెప్పింది. గొంతు పెంచలేదు. మా రాజులు దేవుళ్లేం కాదు, దేశాలు ఆక్రమించారు, అందరి దగ్గరా కప్పం గుంజారు అంది. అయినా ఆ బొమ్మలో గుంపు ముందున్న పెద్దను రాజోద్యోగి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. కప్పం తెచ్చినవాళ్లను కూడా పెద్ద మెట్ల మీదుగానే పిలిచారు, నువ్వు ఈ అమ్మాయి దగ్గర అద్దె తీసుకుంటూ సందులోంచి రమ్మంటావా అని నాన్నను సూటిగా అడిగింది.

నాన్న క్షమాపణ చెప్పలేదు. నెలాఖరుకు అక్కను ఖాళీ చేయించాడు, ఆంటీతో మాటలు మానేశాడు. నేను ఏడిస్తే, పెద్దవాళ్ల విషయాలు నీకెందుకన్నాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. నా తలా నెరిసింది. పోయినవాళ్ల మీద ఇంకా కోపమేమిటని మా పిల్లలు విసుక్కుంటారు. నాలో ఉన్నదీ ఆయన రక్తమేనని వాళ్లకు తెలియదు. ఎవరినైనా పక్క తలుపు నుంచి రమ్మనాలని మాట నోటిదాకా వచ్చిన ప్రతిసారీ, ఆ కోపమే నా నోరు మూయిస్తుంది.