విమానానికి బైకు పైపు

మార్కాపురంలో నాది బైకుల షెడ్డు. నిరుడు గడ్డి కోసే మిషన్ ఇంజన్‌తో చిన్న రిమోట్ విమానం తయారుచేశాను. దాని ట్యాంకులో కొసన బరువు కట్టిన మెత్తటి పైపు వేయాలని, పెట్రోలు ఎటు జారితే అదీ అటే వాలుతుందని వీడియోలో చెప్పారు. ‘నాకు తెలియని ట్యాంకులా!’ అనుకుని, బైకుకు లాగే అడుగున గట్టి పైపు బిగించేశాను.

పలకల క్వారీ పక్క బీడులో ఎగరేస్తే బ్రహ్మాండంగా లేచింది. మలుపు తిప్పేటప్పుడు కంగారులో రిమోట్ మీది మీట ఎక్కువ తోశాను. అంతే, ముక్కు కిందికి వాల్చి, పక్క చేలో మిరపకాయలు కోస్తున్న ఆడవాళ్ల మీదికి దూసుకెళ్లింది.

“అమ్మా, వంగండి!” అని అరిచాను.

అంతలో ఇంజన్ ఠక్కున ఆగింది. పెట్రోలంతా ముందుకు జారిపోయి, నా గట్టి పైపు గాలి పీల్చిందన్నమాట. మీట వెనక్కి లాగాను. విమానం కాస్త పైకి లేచి, ఒక పెద్దమ్మ తలగుడ్డను ఊడలాక్కుని మిరపచెట్లలో పడింది.

చేలోకి పరుగెత్తాను. పెద్దమ్మ తల తడుముకుంటూ, “ఏంది నాయనా ఇది? ఆ పంకా తిరుగుతా వచ్చుంటే నా తల ఉండేదా?” అంది.

ఆగిపోయిన ఇంజన్లను తిట్టుకుంటూ బాగుచేయడమే ఇరవై ఏళ్లుగా నా పని. ఆగిపోయినందుకు ఒక ఇంజన్‌కు దండం పెట్టింది మాత్రం ఆ ఒక్కరోజే.