కబీకజ్ ఎవరు?

విజయనగరంలో జైతూన్ బీ ఇంటి ముందుగదే గ్రంథాలయం. మూడు భోషాణాల నిండా అరబ్బీ, పార్శీ చేతిరాత పుస్తకాలు. అత్తవారి తాతల నాటివి. వాటిలో ఒక్క ముక్క కూడా ఇప్పుడా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. అయినా నలభయ్యేళ్ళుగా వాటిని ఆరబెట్టడం, వేపాకు మార్చడం, కట్టు ఊడితే దారం వేయడం ఆమె పనే. చదవగలిగినవాళ్ళు ఎప్పుడో తలో దారి చూసుకున్నారు. చాకిరీ మాత్రం చదవలేని మనిషికి మిగిలింది.

చిన్నప్పుడు నేర్చిన ఖురాను అక్షరాలతో ఆమె కూడబలుక్కున్న మాట ఒకటుంది. ప్రతి పుస్తకం మొదటి పుటలోనూ ఉంటుంది: "యా కబీకజ్". ఈ పుస్తకాలన్నీ కూర్చిన పెద్దాయన పేరు అదేనని అత్తగారు చెప్పింది. అత్తగారికి ఆవిడ అత్తగారు చెప్పిందట. ఏటా ఆ పేరు మీద తీపన్నం వండి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా చదివించడం ఇంటి ఆనవాయితీ.

ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయాక మూడోవాడు పుట్టాడు. "పెద్దాయన పేరెట్టవే, ఆయనే కాసుకుంటాడు" అంది అత్తగారు. అలా వాడు కబీకజ్ అయ్యాడు. ఇప్పుడు ముప్ఫయ్యేళ్ళు, కోట దగ్గర ఆటో నడుపుతున్నాడు.

మొన్న హైదరాబాదు నుంచి ఫర్జానా అనే, పార్శీ భాష చెప్పే పంతులమ్మ పుస్తకాల జాబితా రాయడానికి వచ్చింది. వీటిని కూర్చినాయన పేరేమిటని అడిగింది. జైతూన్ బీ గర్వంగా మొదటి పుట చూపించింది.

పంతులమ్మకు నవ్వాగలేదు. "ఇది మనిషి పేరు కాదమ్మా. పురుగుల రాజు పేరు. 'యా' అని ఆయన్ని పిలిస్తే పుస్తకం జోలికి పురుగులు రావని పూర్వం నమ్మేవారు. అందుకే రాసేవారు."

"మరి మా పెద్దాయన పేరేటి?"

"ఎక్కడా రాసుకోలేదమ్మా."

జైతూన్ బీకి మతి పోయింది. ఇన్నాళ్ళూ ఫాతిహా ఎవరికిచ్చినట్టు? బొద్దింకలకా? అత్తగారు తెలిసే చెప్పిందా, తెలియకా? తిట్టుకుందామంటే ఎవరిని తిట్టుకోవాలి? ఇదంతా ఒక ఎత్తు, బంగారంలాంటి కొడుక్కి పురుగు పేరు పెట్టుకోవడం ఒక ఎత్తు. సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

అంతలో కబీకజ్ అన్నానికి వచ్చాడు. "అమ్మీ, ఏటలా ఉన్నావు?"

"నీ పేరు మార్సీమంటే మార్సుకుంటావేట్రా?"

సంగతంతా విని వాడు ముందు పగలబడి నవ్వాడు. తర్వాత ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "స్టాండులో తెలిస్తే ఇంకేటున్నాది! నన్నాడేసుకుంటారు. మార్సీ అమ్మీ."

ఆమె కొడుకు వైపు చూసింది, పుస్తకం వైపు చూసింది.

"పేరు రాసిన పుస్తకాన్ని నిజంగా పురుగు ముట్టదా అమ్మా?" అని పంతులమ్మని అడిగింది.

"అదొక నమ్మకం అంతే. పేరు రాసినా పురుగు కొట్టేసినవీ ఉన్నాయి."

"ముందు పోయినోళ్ళిద్దరికీ పేరెట్టనేదు. ఈడికెట్టాను. ఈడున్నాడు." ఆమె పుస్తకం మూసి పంతులమ్మ ముందుకు జరిపింది. "సదువుకున్నదానివి. మార్సమంటావా, ఉంచమంటావా? నువ్వే సెప్పు."

పంతులమ్మ కలం మూత పెట్టేసింది. జాబితా పక్కన పెట్టి కబీకజ్ ముఖంలోకి చూసింది.